వంటింటి గోడ మీద తెర

పాపను ఫోను ముందు కూర్చోబెట్టడానికి మా అత్త పడిన పాట్లు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. బడి నుంచి వచ్చి, ఇన్ని అటుకులు తిని, అరుగు మీద ఆడుకుంటున్న పిల్లను చంకనేసుకుని లోపలికి తెచ్చేది. "అమ్మ పిలస్తా ఉండాది, ఒక్క మాట మాట్లాడు తల్లీ" అని బతిమాలేది. పాప ఫోనులోకి చూసేది. అయితే చూసేది వాళ్ళమ్మను కాదు, మూలన చిన్న గడిలో కనపడే తన మొహాన్ని. నాలుక బయటపెట్టేది, కళ్ళు తిప్పేది, జడ ముందుకు వేసుకుని మురిసిపోయేది. అవతల నుంచి నా భార్య "ఏం తిన్నావే బంగారూ?" అంటే "అన్నం" అనేది. "బళ్ళో ఏం చెప్పినారు?" అంటే "ఏం చెప్పలా" అనేది. అంతే, అమ్మమ్మ ఒళ్ళోంచి జారిపోయి పరుగు. ఫోను నా చేతికి వచ్చేది. నా భార్య నవ్వుతూనే, "ఆడుకోనీలే బావా" అనేది. ఆ నవ్వు ఫోను పెట్టేసేదాకానే నిలుస్తుందని నాకు తెలుసు.

ఆమె నా మేనమామ కూతురు. అందుకే పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తుంది. నర్సు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో కొన్నేళ్ళు చేసింది. ఐసీయూ పని అంటే ఆమెకు చదువుకునే రోజుల నుంచీ ఇష్టం. కువైట్‌లో పెద్ద ఆసుపత్రికి పరీక్ష పాసయిన రోజున గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "పొమ్మంటావా బావా?" అని అడిగింది. పొమ్మన్నాను. మనస్ఫూర్తిగానే అన్నానో, ఆమె మొహంలోని వెలుగు చూసి అన్నానో ఇప్పుడు చెప్పలేను. అప్పటికి పాపకు అయిదేళ్ళు. దాన్ని చూసుకోవడానికి అత్త బోగోలు దగ్గర తమ ఊరు వదిలి మా ఇంటికి వచ్చేసింది.

మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారిలో ఒక ఊరు. ఇంటికి రెండు వైపులా రొయ్యల గుంటలు. గుంటల్లో నీటికి గాలి అందించడానికి ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ నీళ్ళ చప్పుడు మాకు ఊపిరి చప్పుడంత అలవాటు. ఆ ఏరేటర్లను వేళకు నడిపించే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. పెట్టెలో అరచేతిలో పట్టేంత బోర్డు, పెట్టె మూత మీద చిన్న తెర, ఆ తెర మీద నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో చూపించే అంకెలు. ఆ బోర్డును నడిపించే సాఫ్ట్‌వేరు అయిన లినక్స్‌ను కట్టేది నేను. ఎక్కువగా ఇంటి నుంచే పని. అవసరమైనప్పుడు గుంటల దగ్గరికి పోతాను.

ఒక సాయంత్రం పాప ఎప్పట్లాగే పారిపోయాక, నా భార్య ఫోను పెట్టేయలేదు. నాతో ఇలా అంది.

"దాన్ని ఇట్టా పట్టుకొచ్చి కూర్చోబెట్టొద్దు బావా. నేను ఇంట్లోనే ఉంటే అది నా ముందుకొచ్చి కూర్చుంటాదా ఏంది? దాని పాటికి అది తిరగతా ఉంటాది, నా పాటికి నేను కూర తరుక్కుంటా ఉంటా. అట్టా ఉండాలని ఉండాది నాకు. మాట్లాడకపోయినా ఫర్వాలా. ఇంట్లో ఉంటే చాలు."

ఆ మాట నన్ను వదల్లేదు. మోగని ఫోను, ఎత్తనక్కర్లేని ఫోను, ఎప్పుడూ తెరిచే ఉండే కిటికీ లాంటిది ఒకటి వంటింట్లో పెడితే? ఆమె డ్యూటీ అయిపోయి గదికి వచ్చి, తన ఫోను ఒక స్టాండుకు తగిలించగానే, ఇక్కడ గోడ మీద ఆమె కనపడాలి. ఆమెకు మా వంటిల్లు కనపడాలి. ఎవరూ ఎవర్నీ పిలవకూడదు.

నా దగ్గర పాత బోర్డు ఒకటి ఉంది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఒక పెట్టెలోంచి తీసినది. లోపల బాగానే ఉందని కంపెనీలో అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పుస్తకమంత తెర ఒకటి, చిన్న కెమెరా, మైకు, స్పీకరు దానికి తగిలించాను. అంతా ఒక వారంలో అయిపోతుందనుకున్నాను. కంప్యూటర్ పనిచేసేవాళ్ళందరికీ వారం అనే మాట ఎంత ప్రమాదమో తెలుసు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందో చెప్పాలి. ఇటువంటి చిన్న బోర్డుకు లినక్స్‌ను కొని తెచ్చి పెట్టేది ఉండదు. ఏమేం కావాలో ఒక్కొక్కటే అవును, కాదు అని ఎంచుకుంటూ మొదటి నుంచి కట్టుకోవాలి. దాన్నే బిల్డ్ అంటాం. అందులో తెరకు సంబంధించిన భాగం మెలిక. బోర్డులోని గ్రాఫిక్స్ చిప్పు బొమ్మను గీస్తుంది. గీసిన బొమ్మ ఏ దారిన తెరకు చేరాలో మాత్రం కట్టేటప్పుడే మనం చెప్పాలి. ఆ దారిని డిస్‌ప్లే బ్యాకెండ్ అంటారు. మా బోర్డుకు మూడు దారులున్నాయి. ఫ్రేమ్‌బఫర్ అనేది ఒకటి. అందులో మధ్యలో ఎవరూ ఉండరు, ఒకే ఒక్క ప్రోగ్రాము తెరనంతా తనదిగా చేసుకుని గీస్తుంది. గుంట దగ్గర అంకెలు చూపించడానికి అది చాలు. ఎక్స్ లెవన్ రెండోది. పాతది, అందరికీ తెలిసింది, బరువైనది. వేలాండ్ అనే మూడోది కొత్తది, తేలికైనది. చిప్పు తయారుచేసినవాళ్ళు దాన్ని నడిపించే ప్రోగ్రామును, అంటే డ్రైవరును, ఈ మూడింటికీ విడివిడిగా ఇచ్చారు. మనం ఒక్కదాన్నే పెట్టుకోవాలి. పైగా బొమ్మ గీసే ప్రతి ప్రోగ్రాముకూ అదే దారి చెప్పాలి. ఒకటి ఒక దారి, ఇంకొకటి ఇంకో దారి పట్టాయా, తెర నల్లగా ఉండిపోతుంది. తప్పు ఎక్కడో చెప్పదు. ఊరికే నల్లగా ఉంటుంది.

ఫ్రేమ్‌బఫర్‌తో కుదరలేదు. నాకు తెర మీద ఆమె బొమ్మ ఒక్కటే చాలదు. పాప వేలితో తాకితే బొమ్మను పెద్దది చేసే గుండీలు, పక్కన కువైట్ టైము చూపించే గడియారం కూడా కావాలి. అందుకని ముందు ఎక్స్ లెవన్‌ను ఎంచుకున్నాను. పొద్దున బిల్డ్ మొదలుపెట్టి గుంటల దగ్గరికి పోయేవాణ్ణి. మధ్యాహ్నం వచ్చేసరికి ల్యాప్‌టాప్ కాలిపోతున్నట్టు వేడెక్కి ఉండేది. కరెంటు పోతే మళ్ళీ మొదలు.

బొమ్మ వచ్చింది. వచ్చిన రోజున ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. నా భార్య గదిలో మంచం మీద కూర్చుని, తడి తల తుడుచుకుంటూ, "కనపడతా ఉండానా?" అంది. కనపడింది కానీ, ఆమె తల తిప్పినప్పుడల్లా పైసగం ముందు తిరిగేది, కిందిసగం తర్వాత వచ్చేది. కళ్ళు ఒకవైపు, పెదవులు ఇంకోవైపు. చిన్న బోర్డు, బరువైన దారి, దానికి ఊపిరి ఆడలేదు.

అత్త రెండు అడుగులు వెనక్కి వేసింది. "ఏంది అబ్బయ్యా ఇది, బిడ్డ మొహం రెండు ముక్కలైపోయింది. తీసెయ్, నేను చూడలేను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. పాపకు మాత్రం తెగ నచ్చింది. "అమ్మా, మళ్ళా తిరుగు! ఇంకోసారి తిరుగు!" అని గంతులేసింది. నా భార్య తల అటూ ఇటూ తిప్పుతూ పోయింది, పాప నవ్వినంతసేపూ. అన్ని నెలల్లో ఆ తల్లీ బిడ్డా అంతసేపు కలిసి ఉండడం అదే మొదటిసారి. అయినా నేను దాన్ని తీసేశాను. ఆ ముక్కలైన మొహం నాకూ మంచిగా అనిపించలేదు.

వేలాండ్‌కు మార్చాను. తెర నల్లబడింది. డ్రైవరు మార్చాను, సెట్టింగులు ఒక్కొక్కటీ మళ్ళీ చూశాను. నలుపే. మళ్ళీ కట్టాను. నలుపే. వంటింటి గోడ మీద ఆ నల్ల పలక అలాగే వేలాడుతూ ఉండేది. నా భార్య ఏమైందని అడిగేది కాదు. అడిగితే నేను నొచ్చుకుంటానని ఆమెకు తెలుసు. "మీ ఆఫీసు పని ఎట్టుండాది?" అనేది. అంతే.

చివరికి మా ఆఫీసులో నాకంటే ముందు నుంచీ ఉన్న ఒక అక్కకు ఫోను చేశాను. ఆమె కాసేపు విని, "డ్రైవరు మార్చినావు సరే. వీడియో ఆడించే ప్రోగ్రామును మళ్ళా కట్టినావా?" అంది.

"అది అట్నే ఉందక్కా. దాన్ని నేను ముట్టుకోలేదు."

"అదే మరి. అది పాత దారికే కట్టి ఉండాది. ఇంకా ఎక్స్ లెవన్‌నే వెతుక్కుంటా ఉంటాది లోపల. మొత్తం తుడిచేసి మొదటి నుంచి కట్టు. పాతది ఏ మూలో అంటుకుని ఉంటే కొత్తది రాదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవురికి ఇది? కంపెనీ పనికైతే నువ్వు ఇంత తొందరపడవే" అని అడిగింది. చెప్పాను. మర్నాడు తను వాడే సెట్టింగులన్నీ నాకు పంపించింది.

అన్నీ తుడిచి కట్టాను. ఆ మధ్యాహ్నం బోర్డుకు కరెంటు ఇచ్చి, పక్కకు తిరిగి నిలబడ్డాను. తెర వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు. వెనక నుంచి పాప, "నాన్నా, అమ్మ వచ్చినాది" అంది.

నీళ్ళంత తేటగా వచ్చింది ఆమె. తల తిప్పితే మొత్తంగా తిరిగింది. అత్త దగ్గరికి వచ్చి, చేయి తుడుచుకుని, తెర మీద కూతురి బుగ్గ ఉన్నచోట వేలితో తాకింది. దాంతో గుండీ ఏదో నొక్కుకుపోయి బొమ్మ పెద్దదైంది. అత్త ఉలిక్కిపడింది. నా భార్య కడుపుబ్బ నవ్వింది.

ఆ రోజు మేం అన్నానికి కూర్చున్నప్పుడు అత్త రోజూ లాగే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. దూరాన ఉన్న బిడ్డను కాపాడమని కూడా రోజూ అడిగే మాటే. ప్రార్థన అయిపోయాక మాతో పాటు గోడ మీది నుంచి కూడా "ఆమెన్" అని వినపడింది. అత్త కళ్ళు తెరవకుండా కాసేపు అలాగే కూర్చుంది.

మొదటి రోజులు పండగలాగే గడిచాయి. నా భార్యకు అన్నీ కావాలి. "ఆ పప్పుల డబ్బా అక్కడికెందుకు మార్చినారు?" అనేది. "పాప గౌను పొట్టిదైపోయింది చూడు, ఎప్పుడు పెరిగింది ఇది?" అనేది. నెత్తళ్ళ చేపలు తోముతున్న తల్లితో, "అమ్మా, ఇంకొంచెం బూడిద రుద్దు" అనేది. పాప దాని పాటికి అది అటూ ఇటూ తిరుగుతూ, మధ్యలో గోడ వైపు ఒక చూపు చూసి, మళ్ళీ పోయేది. ఆమె కోరుకున్నది అదే. నేను నా పని ముగించినట్టే అనుకున్నాను.

కానీ కొన్నాళ్ళకు ఆమె మాటలు తగ్గాయి. ఊరికే చూస్తూ కూర్చునేది. ఏంది అట్టా ఉండావని అడిగితే, "చూస్తా ఉండా" అనేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాప పెరట్లో పరిగెత్తి పంపు దగ్గర జారి పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు. ఏడుస్తూ వంటింట్లోకి వచ్చింది. గోడ మీద తల్లి ఉంది. "ఇట్రా, ఇట్రా బంగారూ, నాకు చూపించు, ముందు నీళ్ళతో కడగమని చెప్పు అమ్మమ్మకి" అని ఆమె గబగబా లేచి, ఫోనుకు దగ్గరగా వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపింది. పాప ఆ పక్కకే చూడలేదు. నేరుగా పోయి అమ్మమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. అత్త దాన్ని ఎత్తుకుని, పంపు దగ్గరికి తీసుకెళ్ళింది. వంటింట్లో నేనొక్కణ్ణే మిగిలాను. తెర మీద ఆమె చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి. తర్వాత మెల్లగా దించుకుంది.

"లోతుగా తెగిందా?" అని అడిగింది.

"లేదులే, పైపైనే."

"సరే" అంది. కెమెరాకు అందకుండా పక్కకు జరిగింది.

రెండు రోజులు ఆమె తన ఫోను తగిలించలేదు. డ్యూటీ ఎక్కువగా ఉందంది. మూడో రోజు నాకు మామూలుగా ఫోను చేసింది.

"బావా, ఒకటి అడగతా, కోప్పడొద్దు."

"చెప్పు."

"బొమ్మ వద్దు. తీసెయ్. చప్పుడు చాలు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చెప్పింది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పొద్దున పడుకుంటే ఆమెకు నిద్ర పట్టడం లేదు. గదిలో ఇంకా ముగ్గురున్నారు, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క షిఫ్టు, అందరూ నిద్రపోయేవాళ్ళ కోసం మాటల్లేకుండా తిరుగుతారు. ఏసీ శబ్దం తప్ప ఏమీ ఉండదు. "బొమ్మ ఉంటే చూస్తానే ఉంటా బావా. రెప్ప వెయ్యలేను. చూసినకొద్దీ నేను లేకండానే అంతా బాగా జరగతా ఉందని కనపడతాది. చప్పుడైతే అట్టా కాదు, చెవులో ఇయర్‌ఫోను పెట్టుకుని పడుకుంటే చాలు. నేను పక్క గదిలో పడుకున్నట్టు ఉంటాది" అంది.

కోపం రాలేదంటే అబద్ధం. ఎన్ని రోజులు దాని మీద కూర్చున్నానో! ఆ మాట అనబోయాను కూడా. అవతల ఆమె, "నీ కష్టమంతా వృథా పోయింది కదా" అని నవ్వడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నం వినపడ్డాక నా కోపం నిలబడలేదు.

బిల్డ్‌లోకి పోయి తెరకు సంబంధించిన ప్రతి అవునునూ కాదుగా మార్చాను. మూడు దారులూ మూసేశాను. తెర లేకుండా నడిచే పెట్టెను మా పనిలో హెడ్‌లెస్ అంటారు, అంటే తల లేనిది. ఆ మాట ఇంట్లో ఎవరి ముందూ అనలేదు. తెరను గోడకు అలాగే ఉంచాను. తీస్తే వెనకాల సున్నం పెచ్చులూడిపోతుందని అత్తకు చెప్పాను.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఊహించలేదు. ఒక పొద్దున అత్త తిరగమోత పెడుతుంటే స్పీకరులోంచి ఏదో సన్నని చప్పుడు వచ్చింది. అత్త గరిటె పట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. ఊపిరి. లోపలికీ బయటికీ, తీరుబడిగా, మధ్యలో చిన్న గురకతో.

"నిద్రపోతా ఉండాది" అంది అత్త, గుసగుసగా.

ఇక ఆ రోజంతా మేం దొంగల్లా నడిచాం. గిన్నె గిన్నెకు తగలకుండా, పంపు సన్నగా తిప్పుకుని. అత్త కుక్కరు పెట్టనేలేదు, అన్నం వార్చింది. మధ్యాహ్నం నా భార్య ఫోను చేసి, "ఏమైంది, కరెంటు పోయిందా? ఏం వినపడలా. ఉలిక్కిపడి లేచినా" అంది. తను నిద్రపోతోందని మెల్లగా ఉన్నామన్నాను.

"అయ్యో దేవుడా! మెల్లగా వద్దు బావా. చప్పుడు చెయ్యండి. చప్పుడు లేకపోతేనే మెలకువ వస్తాది నాకు."

అప్పటి నుంచి అత్త గిన్నెలు కడిగే తీరే మారిపోయింది. పొరుగావిడ ఒకసారి గోడ మీదుగా తొంగిచూసి, "ఏందక్కా, అల్లుడి మీద కోపమా?" అని అడిగింది కూడా.

పాప కూడా మారింది. గోడ మీద మొహం లేదు, మూలన తన మొహమూ లేదు. చూసుకోవడానికి ఏమీ లేకపోయేసరికి అది మాట్లాడడం మొదలుపెట్టింది. బడి లేని రోజుల్లో స్టూలు లాక్కుని ఆ నల్ల తెర కింద కూర్చునేది. తన రబ్బరు ఏ పిల్ల తీసుకుందో, పన్ను ఎంత ఊగుతోందో, పిల్లి ఏ ఇంట్లో పిల్లల్ని పెట్టిందో చెప్పుకుంటూ పోయేది. అవతల తల్లి నిద్రలో ఉందా, మెలకువగా ఉందా అనేది దానికి పట్టలేదు. ఒకసారి మధ్యలో ఆగి, "అమ్మా, వింటా ఉండావా?" అంది. జవాబుగా గురక వినపడింది. "సరే పడుకో" అని, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. చర్చిలో నడిపే ఆదివారం బడిలో నేర్పిన పాటను జోలపాటలా సాగదీసి పాడేది.

నా సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నా బల్ల ముందుగదిలో ఉండేది. ఏదో ఒక వంకతో, అక్కడ సిగ్నలు బాగుందనో, ఎండ పడుతోందనో, మెల్లగా వంటింట్లోకి మార్చుకున్నాను. మధ్యాహ్నం అత్త వరండాలో నడుం వాల్చాక, ఆ గదిలో నేనూ ఆ ఊపిరీ మిగిలేవాళ్ళం. పని చేసుకుంటూ వినేవాణ్ణి. పక్కకు ఒత్తిగిలినప్పుడు మంచం కిర్రుమనేది. ఒకసారి నిద్రలో ఏదో అంది, అరబ్బీ మాట. ఆమె నోట నాకు తెలియని మాట రావడం అదే మొదలు. చాలాసేపు నా చేతులు కీబోర్డు మీద కదల్లేదు.

ఆమె మొహం నాకు మసకబారుతోందని అప్పుడప్పుడు భయం వేసేది. గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే పెళ్ళి ఫోటోలోని మొహమే వచ్చేది, లేకపోతే ఆ రెండు ముక్కలైన మొహం. తేటగా వచ్చినప్పటి మొహం ఎందుకో నిలిచేది కాదు. బొమ్మ వచ్చే బిల్డ్‌ను ఒక మెమరీ కార్డులో దాచి ఉంచాను. మా పెళ్ళిరోజున ఉండబట్టలేక అడిగాను.

"ఈ ఒక్క రోజు చూపించవా? ఒక్క నిమిషం."

"రాత్రంతా నిలబడి వచ్చినా బావా. ఇప్పుడు చూస్తే జడుసుకుంటావు."

"జడుసుకోనులే."

"ఇంకోసారి" అంది. ఆ ఇంకోసారి నెలల తరబడి సాగింది. నాకు కొద్దికొద్దిగా అనుమానాలు కూడా వచ్చాయి. ఏ అనుమానం అంటే నాకే తెలియదు. దూరంలో ఉన్నవాళ్ళ మీద రకరకాలుగా వస్తాయి. ఒక్కటీ నిలబడదు, ఒక్కటీ పోదు.

ఎండాకాలంలో ఆమె సెలవు మీద వచ్చింది. చెన్నై ఎయిర్‌పోర్టుకు ముగ్గురం కారులో వెళ్ళాం. జనంలోంచి ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. చిక్కిపోయింది, కళ్ళజోడు వచ్చింది. తలకు ఓణీ చుట్టుకుని ఉంది. ఆ ఓణీ కారులో కూడా తీయలేదు. ఇంటికి వచ్చి స్నానం చేసి వచ్చాక చూశాను. నడుము దాటే జుట్టు ఉండాల్సిన చోట, చెవుల కిందికి కత్తిరించిన కాస్త పలచని జుట్టు ఉంది. మాడు అక్కడక్కడ కనపడుతోంది.

"అక్కడి నీళ్ళకి ఊడిపోయింది బావా" అంది, అద్దం వైపు చూస్తూనే. "అందరికీ ఊడతాది. నాకు ఎక్కువ ఊడింది. పాప మోకాలికి దెబ్బ తగిలిన నాటికే సగం పోయింది. తెరలో అమ్మ కనిపెడతాదేమోనని దినమూ భయమే."

"అందుకేనా బొమ్మ వద్దన్నది?"

ఆలోచించింది. "అందుక్కూడా" అంది. "నువ్వు ఆ జడ మీద మనసుపడే చేసుకున్నావని మా అమ్మ అంటా ఉంటాది కదా."

ఆ కాస్త జుట్టు మీద చేయి వేసి నిలబడ్డాను. తడిగా, చిన్నపిల్ల తలలా ఉంది. అప్పుడు ఏడ్చింది, ఎన్నాళ్ళదో. అటువైపు వచ్చిన పాప గుమ్మంలో ఆగి, "అమ్మా, నీ తల నా తల మాదిరే ఉండాది" అంది. దానికి వేసవని అప్పుడే జుట్టు కత్తిరించాం.

ఆ సెలవులన్నీ ఆమె ఒంటికి రాత్రి పగలు తెలియలేదు. రాత్రంతా మెలకువగా ఉండి, పొద్దున టిఫిన్ అయ్యాక వంటింట్లో పొయ్యికి పక్కగా చాప వేసుకుని పడుకునేది. అత్త ఆమె మీదుగా దాటుకుంటూ వంట చేసేది. నేను నా బల్ల దగ్గర కూర్చుని, పనిచేస్తున్నట్టు కనపడుతూ, ఆ మొహాన్ని చూసేవాణ్ణి. కళ్ళజోడు ముక్కు మీద చేసిన గుర్తులు, నుదుటి మీద కొత్తగా వచ్చిన గీత. చూసి చూసి కంఠతా పట్టాలనిపించేది. ఆ రోజులు ఎంత తొందరగా పోయాయో చెప్పలేను.

మళ్ళీ ఎయిర్‌పోర్టు. లోపలికి వెళ్ళేముందు పాప ఈసారి పారిపోలేదు. తల్లి మెడ పట్టుకుని వదల్లేదు. వదిలించుకోవడానికి ఆమె, వదిలించడానికి నేను పడిన బాధ రాయబుద్ధి కావడం లేదు.

ఉద్యోగం ఇంకొన్నాళ్ళు పొడిగించారు. వచ్చేయమని నేను అడగలేదు. ఆమెకు ఆ పని అంటే ఎంత ప్రాణమో వంటింట్లో కూర్చుని విన్నాను కదా. డ్యూటీ నుంచి వచ్చి, ఫలానా పేషెంటు ఈ రోజు కళ్ళు తెరిచాడని చెప్పేటప్పుడు ఆ గొంతులో ఉండే వెలుగు నాకు తెలుసు. ఎప్పుడు వస్తావని మాత్రం అడుగుతాను. అది వేరే మాట.

పోయిన ఆదివారం ఆమెకు సెలవు. సముద్రం చూడాలనిపిస్తోందంది. చర్చిలో ఆరాధన అయ్యాక పాపను స్కూటరు ముందు నిలబెట్టుకుని మైపాడు పోయాను. వీడియో కాల్ పెట్టి, ఫోనును అలల వైపు తిప్పి పట్టుకున్నాను. ఎండకు నాకు తెరలో ఏమీ కనపడలేదు. గాలికి ఆమె గొంతు కూడా సరిగ్గా వినపడలేదు.

"కనపడతా ఉండాదా?" అని అరిచాను.

"అంతా తెల్లగా ఉండాది బావా. ఏం తెలియడం లా."

"పెట్టేసేదా మరి?"

"వద్దొద్దు" అంది. "ఉండనీ."

పాప కాళ్ళు తడుపుకుంటూ నీళ్ళలోకి కేకలు పెడుతోంది. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను.